ఇంటి గుమ్మం నుంచి సాంతియాగోకి

విల్యనోసా చర్చి తాళాలు ఇరవై రెండేళ్ళుగా బెనిగ్న దగ్గరే ఉన్నాయి. పొద్దున పదింటికి తలుపు తెరిచేది. గుమ్మం పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చుని, అపొస్తలుడి సమాధి ఉన్న సాంతియాగోకి నడిచిపోయే యాత్రికుల పుస్తకాల్లో చర్చి ముద్ర వేసేది. రెండింటికి తాళం వేసి ఇంటికి పోయేది. చెప్పుకుంటే ఇంతే పని. ముద్ర వేయడానికి ఒక్క క్షణం చాలు గానీ, బెనిగ్న మనిషికి పావుగంట తీసుకునేది. ఎందుకంటే ముద్రతో పాటు సలహా కూడా ఉండేది.

"ఇవాళ కరియోన్‌లో ఆగిపోండి. రేపు తెల్లవారకముందే లేవండి. పదిహేడు కిలోమీటర్లు నీడుండదు, చుక్క నీళ్ళుండవు. రెండు సీసాలు పట్టుకెళ్ళండి, నా మాట వినండి."

అక్కడితో ఆగేది కాదు. ఏ సత్రంలో నల్లులున్నాయి, ఏ ఊరి కుక్క మొరుగుతుంది గానీ కరవదు, ఏ కొండ దిగేటప్పుడు మోకాళ్ళు జాగ్రత్త, మెలీదేలో ఎవరి కొట్లో ఆక్టోపస్ వెన్నలా ఉడుకుతుంది, అన్నీ వరసగా అప్పజెప్పేది. ఆమెకు వచ్చింది స్పానిష్ ఒక్కటే. అయినా జర్మన్లకూ కొరియావాళ్ళకూ చేతులతోనే కొండలెక్కించి దింపేది. కుక్క గురించి చెప్పాల్సివస్తే మొరిగి చూపించేది. వాళ్ళు బుద్ధిగా రాసుకునేవాళ్ళు. "విల్యనోసా అమ్మ" అని దారి పొడుగునా ఆమెకు పేరు.

నిజమేమిటంటే బెనిగ్న తన జన్మలో కరియోన్ సంత దాటి పడమటికి ఒక్క అడుగు నడిచి ఎరగదు. ఆడబిడ్డ పెళ్ళికి లేయోన్ దాకా బస్సులో వెళ్ళివచ్చింది, అంతే. ఆమెకు తెలిసిందంతా రెండోసారీ మూడోసారీ వచ్చిన యాత్రికుల నోటి నుంచి విన్నది. తాను నడిచానని ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. నడిచావా అని ఎవరూ అడగనూ లేదు.

సెప్టెంబరులో ఒక శుక్రవారం అడిగారు.

శుక్రవారం రొట్టెల బండి వచ్చే రోజు. చర్చి ముందు చౌకులో ఏడెనిమిది మంది సంచులు పట్టుకుని నిలబడి ఉన్నారు. పడమటి నుంచి, ముఖాన ఎండ కొడుతుండగా, ఒకావిడ వచ్చింది. యాత్రికులెవరూ అటునుంచి రారు. పొడుగాటి మనిషి, కురచ జుట్టు, వీపున సంచి, సంచికి వేలాడుతున్న యాత్రికుల గుర్తు ఆల్చిప్ప. సాంతియాగో చేరి, మళ్ళీ నడుచుకుంటూనే ఇంటికి తిరిగిపోతోంది. పేరు నెకానె. పాంప్లోనాలో ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైంది.

"విల్యనోసా అమ్మ అంటే మీరేనా?" అంది.

"నేనే. ముద్ర వేయనా?"

"ముద్ర తర్వాత. ముందు కాసిని మంచినీళ్ళివ్వండి. మీరు చెప్పిన ఊటలో తాగుదామంటే దొరకలేదు."

బెనిగ్న గ్లాసు నింపుతూ ఆగింది. "ఏ ఊట?"

"లేయోన్ దాటిన రెండోరోజు, మూడు పాప్లార్ చెట్లు, వాటి కింద చల్లని ఊట, నీళ్ళు మోయక్కర్లేదు అని మీరు చెప్పారని తోటి యాత్రికులన్నారు. నేను మీ మాట నమ్మి సీసా ఖాళీ చేసుకుని పోయాను. చెట్లూ లేవు, ఊటా లేదు. ట్రాక్టర్ల షెడ్డుంది. అందులో ఆయన్నడిగితే, అవి పోయి పన్నెండేళ్ళయిందమ్మా అన్నాడు. ఎనిమిది కిలోమీటర్లు నాలుక పిడచకట్టుకుపోయింది. ఇంతకీ మీరా దారిలో ఎప్పుడు నడిచారు?"

రొట్టెలు అందిస్తున్న బండి మనిషి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అబద్ధమాడాలంటే అది సరైన సమయమే. "చాలా కాలమైంది" అంటే సరిపోయేది. కానీ బెనిగ్న అబద్ధమాడే మనిషి కాదు.

"ఎప్పుడూ నడవలేదు" అంది.

 రొట్టెల వరసలోంచి కసిల్ద గొంతు లేచింది. కసిల్ద, బెనిగ్న ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. అప్పట్నుంచీ ఒకరినొకరు దెప్పుకోకుండా వాళ్ళకు రోజు గడవదు.

"ఏమేవ్ బెనీ! ఇరవై రెండేళ్ళుగా ప్రపంచానికంతా దారి చూపిస్తున్నావు, కరియోన్ సంత దాటలేదా నువ్వు? ఇంకా నయం, విమానాలు నడపడం నేర్పించలేదు!"

చౌకంతా గొల్లుమంది. నెకానె కూడా నవ్వింది గానీ ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. రెండు గ్లాసుల నీళ్ళు తాగి, ముద్ర వేయించుకుని, ఒక చీటీ మీద ఫోన్ నంబరు రాసి బల్ల మీద పెట్టింది. "మీ మిగతా మాటలన్నీ పనికొచ్చాయమ్మా. ఆ కుక్క నిజంగానే కరవలేదు. కానీ ఒకసారి నడవండి. కాళ్ళకేం, బానే ఉన్నాయిగా మీకు" అని తూర్పు ముఖంగా వెళ్ళిపోయింది.

బెనిగ్న ఆ రోజు అరగంట ముందే తాళం వేసింది.

ఇంట్లో భర్త అమాన్సియో పొయ్యి ముందు నిలబడి వెల్లుల్లి చారు కలుపుతున్నాడు. నలభై ఏళ్ళు గొర్రెలు కాసిన మనిషి. డెబ్బై ఒకటి వచ్చాక మందను అమ్మేసి, ఇక నడక చాలని ప్రకటించి, పెరటి దాకా తప్ప కాలు కదపడం మానేశాడు. మాటలు మొదట్నుంచీ తక్కువ.

"నేను సాంతియాగోకి నడుస్తాను" అంది బెనిగ్న గుమ్మంలోంచే.

ఆయన గరిటె ఆపలేదు. "చారు తాగి వెళ్తావా, ఇప్పుడేనా?"

"వేళాకోళం కాదు. వచ్చే వసంతంలో."

"అయితే కూర్చో. చల్లారిపోతుంది."

చారు తాగుతుండగా జరిగిందంతా చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడుపొచ్చింది. నవ్వినందుకు కాదు. తన మాట నమ్మి ఒక మనిషి ఎండలో దాహంతో నడిచినందుకు. అలా ఇంకెంతమంది నడిచారో అని. అమాన్సియో రొట్టె ముక్క చారులో ముంచి, "ఎక్కణ్ణించి మొదలు?" అన్నాడు. ఆ ప్రశ్నతో పని మొదలైంది.

అందరూ ఫ్రాన్సు సరిహద్దు కొండల్లో మొదలుపెడతారు కదా, తానూ అక్కడికి పోవాలేమో అనుకుంది బెనిగ్న. తొమ్మిది ఊళ్ళకు ఒక్కడే అయిన పాదిరి దోన్ సతూరియో, ఎప్పటిలాగే ఆలస్యంగా కారు దిగి, ఆ మాట విని చేతులూపాడు.

"ఎందుకమ్మా? పూర్వం యాత్రికులు బస్సెక్కి మొదలుపెట్టే చోటికి పోయారా? ఎవరి గుమ్మంలోంచి వాళ్ళు కాలు బయటపెట్టారు. నీ గుమ్మం దారి మీదే ఉంది. ఇంకేం కావాలి?"

అలా నాలుగు వందల కిలోమీటర్లు తేలింది. బెనిగ్న గళ్ళ నోటుపుస్తకం ఒకటి కొని, వంటింటి బల్ల మీద పటం పరిచి, పద్దెనిమిది రోజుల్లో ముగించేలా గీతలు గీసింది. అమాన్సియో కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"ఇది నువ్వు నడిచేదా, గుర్రం నడిచేదా?"

"యాత్రికులు ఇలాగే నడుస్తారు."

"వాళ్ళకి పాతికేళ్ళు. నీకు అరవై ఆరు. ఆరు రోజులకి ఒక రోజు కాళ్ళకి సెలవివ్వు. కొండలున్న రోజు సగమే రాసుకో." ఆమె పెన్సిలే తీసుకుని కొట్టేసి ఇరవై మూడు చేశాడు.

అక్టోబరు మొదటి గురువారం కరియోన్ సంతకు నడిచివెళ్ళింది. పోను ఆరు కిలోమీటర్లు, రాను ఆరు. కొత్త బూట్లు. పోయేటప్పుడు రాణీగారిలా నడిచింది. సంతలోకి అడుగుపెట్టేసరికి మడమల్లో నిప్పులు పోసినట్టుంది. తిరుగుప్రయాణం చేపలమ్మే వ్యానులో, మంచుపెట్టెల మధ్య కూర్చుని సాగింది. చౌకులో దిగేసరికి కసిల్ద అక్కడే ఉంది. ఎందుకుండదు?

"అబ్బో! సాంతియాగో అప్పుడే వెళ్ళొచ్చేశావే! సముద్రం వాసన కూడా తెచ్చావు!"

బెనిగ్న కుంటుకుంటూ ఇంటికొచ్చి, చీటీ వెతికి నెకానెకి ఫోన్ చేసింది.

"బూట్లెంత సైజు?" అంది నెకానె.

"నా సైజే."

"అదే తప్పు. రోజంతా నడిస్తే పాదాలు ఉబ్బుతాయి. ఒక నంబరు పెద్దవి కొనండి. పొద్దున్నే పాదాలకి వ్యాజ్‌లీన్ పట్టించి మేజోళ్ళు వేసుకోండి. ఆ బూట్లు ఇంకెవరికైనా ఇచ్చేయండి."

"మా ఆయనకిద్దామంటే ఆయన పాదం పడవంత."

"అయితే వాటిలో పూలమొక్కలు పెట్టండి."

అప్పట్నుంచి వారానికొకసారి ఇద్దరూ మాట్లాడుకోవడం అలవాటైపోయింది. రెండో నెలకల్లా "మీరు" పోయి "నువ్వు" వచ్చింది.

చర్చి గుమ్మం దగ్గర కూడా వ్యవహారం మారింది. దారి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, "నాకు తెలియదు నాయనా, నేను నడవలేదు" అనేది. మొదటిసారి తల దించుకుని అంది. నాలుగోసారికి అలవాటైంది. చెప్పడం మానేశాక అడగడం మొదలుపెట్టింది. సంచి ఎంత బరువు, మోకాలికేం రాశారు, వాన కోటు ఎలాంటిది? యాత్రికులు బల్ల పక్కన మెట్టు మీద కూలబడి సంచులు విప్పి మరీ చూపించేవాళ్ళు. నోటుపుస్తకం నిండుతూ వచ్చింది. చిక్కేమిటంటే ఏ ఇద్దరి మాటా కలవలేదు. పోలండాయన రెండు కర్రలు లేకుండా కదలొద్దన్నాడు. పోర్చుగీసావిడ కర్రలంత దండగ ఇంకోటి లేదంది.

"కర్ర ఒకటి" అని తేల్చేశాడు అమాన్సియో. తన హేజెల్ కర్ర మూలనుంచి తీసి, ఆమె ఎత్తుకు సరిపడా కోసి, నునుపు చేసి ఇచ్చాడు. నవంబరులో ఒక ఎండపొద్దు, ఎన్నాళ్ళకో టోపీ పెట్టుకుని, "పద" అన్నాడు. ఊరి బయట కూలిపోయిన పావురాల మట్టిగది దాకా నడిచారు. సగం దారిలో ఆయన ఆగిపోయాడు.

"నువ్వు నడవట్లేదు బెనీ. బస్సు తప్పిపోతుందేమోనని పరిగెత్తుతున్నావు."

"మరెలా నడవాలి?"

"గొర్రెలు చూడు, పొద్దున ఎలా నడుస్తాయో సాయంత్రమూ అలాగే నడుస్తాయి. మాట్లాడుతూ నడవగలిగితే అది సరైన నడక. నీకదేమంత కష్టం కాదులే."

ఆమె కర్రతో ఆయన పిక్క మీద తట్టింది. ఇద్దరూ మెల్లగా నడిచారు. దున్ని వదిలేసిన చేలు రెండు పక్కలా ఎర్రగా పడుకుని ఉన్నాయి. అప్పుడు అమాన్సియో తనంతట తాను నోరు విప్పాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు వేరేవాళ్ళ మందతో లేయోన్ కొండల దాకా పదకొండు రోజులు నడిచాడట. ఒక వాగు దగ్గర రెండు గొర్రెపిల్లల్ని చంకల్లో పెట్టుకుని దాటించాడట. కొండ మీద మొదటి ఉదయం మబ్బులు కింద కనిపిస్తే, దేవుడు లోకాన్ని తలకిందులుగా పెట్టాడేమో అనుకున్నాడట.

"నలభై మూడేళ్ళ కాపురంలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వడగలేదు. నీకెప్పుడూ ఆ యాత్రికుల కబుర్లేగా."

 ఇంటికి రాగానే బెనిగ్న నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి ఆ పదకొండు రోజులూ ఏ ఊరి తర్వాత ఏ ఊరో ఆయన చేత చెప్పించుకుని రాసుకుంది. అది సాంతియాగో దారికేమీ పనికిరాదు. అయినా రాసుకుంది.

డిసెంబరులో పంది కోసిన వారం, మాంసం తూచే కాటా ఇంకా పెరట్లో వేలాడుతుండగా, సంచిని దాని కొక్కేనికి తగిలించారు. పదమూడు కిలోలు. నెకానె చెప్పింది ఆరు. అమాన్సియో సంచి బోర్లించి ఒక్కొక్కటే పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. గొడుగు, దూది కోటు, జుట్టు చుట్టుకునే రింగులు, ఊరంతటికీ సరిపడా మందులు, మూడు చుట్టల చొరీసో సాసేజీ.

"సాంతియాగో వైపు, గలీసియాలో సాసేజీలు చెయ్యరా?"

"మనవి వేరు."

"ఈ నల్ల బూట్లెందుకు?"

"అపొస్తలుడి గుడిలోకి బురద బూట్లతో పోతానా?"

"ఆయన చేపలు పట్టుకుని బతికిన మనిషే. నీ బూట్లు చూసి ముఖం తిప్పుకుంటాడా?"

నల్ల బూట్లు పోయాయి. రింగుల కోసం పావుగంట పోట్లాట జరిగి అవీ పోయాయి. చివరికి ఆరున్నర దగ్గర ముల్లు ఆగింది. ఆ అర కిలో ఒక చుట్ట చొరీసో. దాని జోలికి రావొద్దని బెనిగ్న కర్ర ఎత్తింది.

మార్చి నెలలో అసలు చిక్కు ఎదురైంది. తాళాలు ఎవరికివ్వాలి? ఇరవై మూడు రోజులు చర్చి మూసిపెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. ఊళ్ళో ఉన్నదే నలభై గడప. ఒకరికి తోటపని, ఒకరికి నడుము నొప్పి, ఒకరికి విదేశీయులంటే భయం. ఆలోచించగా ఆలోచించగా తీరిక ఉన్న మనిషి ఒక్కతే మిగిలింది. భర్త పోయి నాలుగేళ్ళుగా ఒంటరిగా ఉంటున్న కసిల్ద. బెనిగ్న రెండు రోజులు తనతో తాను పోట్లాడుకుని, మూడోరోజు ఒక క్విన్సు పండ్ల హల్వా ముక్క కాగితంలో చుట్టుకుని ఆవిడింటికి వెళ్ళింది.

పెరటి గోడ మీద బూట్లు ఆరుతున్నాయి. నిండా బురద. వంటింట్లో, బల్ల మీద వీపు సంచి. దాని పక్కన స్నానాలగదిలో ఉండాల్సిన బరువు చూసే యంత్రం. కసిల్ద అడ్డం నిలబడి దాచబోయింది గానీ, ఆవిడ అంత లావు మనిషి కాదు.

"ఇదేంటే?" అంది బెనిగ్న.

"ఏదీ?"

"ఇది."

కసిల్ద చెవుల దాకా ఎర్రబడింది. "జనవరి నుంచి నడుస్తున్నాను. అటు తూర్పువైపు, ఎవరి కంటా పడకుండా. మొదటిసారి నిన్ను వెక్కిరిద్దామనే బయలుదేరాను. ఇదేమంత గొప్పా, నేనూ నడవగలను, అని. ఆ రోజు ఇంటికొచ్చి మంచం మీద పడితే తెల్లారేదాకా మెలకువ రాలేదు. మా ఆయన పోయాక అంత నిద్ర ఎరగను."

"నాతో వస్తానని అడగొచ్చుగా?"

"రొట్టెల బండి దగ్గర అన్ని మాటలన్నాక ఏ ముఖం పెట్టుకుని అడగను?"

బెనిగ్న హల్వా బల్ల మీద పెట్టి, సంచిని పట్టి ఎత్తి చూసింది. "ఎంత?"

"ఐదున్నర."

బెనిగ్నకి లోపల చురుక్కుమంది. "చొరీసో పెట్టుకున్నావా?"

"లేదు."

"అందుకే. సరే, నాది ఇద్దరం తిందాం. బల్లకి ఆ చివర కూర్చో, ఏ రోజు ఎంత నడవాలో చూపిస్తాను."

తాళాల సంగతి అక్కడికీ తేలలేదు. సాయంత్రం కథంతా విన్న అమాన్సియో, కత్తితో ఆపిల్ చెక్కు తీస్తూ, "నేను వేస్తాలే ముద్ర. కానీ మాట్లాడను" అన్నాడు.

"నువ్వా?"

"ముద్ర వేయడానికి మాటలెందుకు?"

మే నెలలో, రైతుల పండగైన సాన్ ఇసీద్రో మర్నాడు బయలుదేరారు. తొమ్మిదింటికి దీవిస్తానన్న దోన్ సతూరియో పదిన్నరకీ రాలేదు. చివరికి ఊరు దాటాక దారిలోనే ఎదురై, కారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి దీవించాడు. అంతకుముందే అమాన్సియో చర్చి బల్ల దగ్గర కూర్చుని, పెళ్ళాం పుస్తకంలో మొదటి ముద్ర వేశాడు. తలకిందులుగా పడింది. బెనిగ్న నోరు తెరిచి, మూసుకుని, ఆయన నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్ళింది.

నీడలేని ఆ పదిహేడు కిలోమీటర్లూ ఆమె ఇన్నేళ్ళు చెప్పినట్టే ఉన్నాయి. కాకపోతే అక్కడ భరతపక్షి పాడుతుందని ఎవరూ ఆమెకు చెప్పలేదు. కసిల్ద దాంతో పోటీపడి పాడింది. నాలుగోరోజు ఇద్దరికీ ఒక కిటికీ తెరవాలా మూయాలా అన్నదాని మీద గొడవై, అయిదోరోజు మధ్యాహ్నం దాకా వంద గజాల దూరంలో నడిచారు. ఆరోరోజు కసిల్ద మోకాలు వాచింది.

"నువ్వు వెళ్ళవే. నీ నోటుపుస్తకం పాడైపోతుంది" అంది కసిల్ద సత్రం మంచం మీద కాలు చాపుకుని.

"పాడైపోనీ" అని బెనిగ్న ఆ మోకాలికి తడిగుడ్డ చుట్టింది. మూడు రోజులు అక్కడే ఆగారు. పటం మీద గీసిన గీతలన్నీ ఆ మూడు రోజుల్లో గల్లంతయ్యాయి. నాలుగోరోజు బయలుదేరేటప్పుడు బెనిగ్న తేదీలున్న పేజీ చింపి బుట్టలో పడేసింది. ఎక్కడ అలసిపోతే అక్కడ ఆగడమే ఇక.

లేయోన్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే అమాన్సియో ఆయాసపడుతూ ఎత్తాడు.

"ఇంతసేపూ ఎక్కడున్నావు? రెండున్నరైందిగా!"

"ఇప్పుడే తాళం వేసి వస్తున్నా. ఒక ఫ్రెంచాయన గొర్రెల గురించి అడిగాడు. ఆయనకీ మంద ఉందట. చెప్పేసరికి ఈ వేళయింది."

లేయోన్ దాటిన రెండోరోజు ట్రాక్టర్ల షెడ్డు దగ్గర బెనిగ్న ఆగింది. లోపలాయన్ను పలకరించి, ఊట ఒకప్పుడు ఎక్కడుండేదో చూపించమంది. ఆయన ఒక సిమెంటు గచ్చు చూపించాడు. అక్కణ్ణించే నెకానెకి ఫోన్ చేసి, "చూశానే. నువ్వన్నది నిజమే" అంది. అవతల నుంచి నవ్వు ఎంత గట్టిగా వచ్చిందంటే షెడ్డాయనకూ వినపడింది.

గలీసియా కొండల్లో పొగమంచు కమ్మి ముందున్న మనిషి కనపడలేదు. ఇద్దరూ ఒకే కర్రకు రెండు చివరలూ పట్టుకుని ఎక్కారు. మెలీదేలో ఆక్టోపస్ మాత్రం విన్నంత మెత్తగా లేదు. కసిల్ద దాన్ని నములుతూ చాలాసేపు బెనిగ్న వంక చూసి, పాపం, ఏమీ అనలేదు.

ఇరవై ఏడోరోజు, సన్నని తుంపరలో సాంతియాగో చేరారు. పెద్ద గుడి ముందు చౌకులో యువకులు కౌగిలించుకుంటున్నారు, ఫొటోలు తీసుకుంటున్నారు. కసిల్ద తడి రాళ్ళ మీద కూర్చుని, భర్త పేరు పలుకుతూ వెక్కివెక్కి ఏడ్చింది. బెనిగ్న తనకూ ఏడుపొస్తుందని ఎదురుచూసింది. రాలేదు. వచ్చింది ఆకలి. దాంతోపాటు ఒక తేలికదనం, నెలంతా మోసిన సంచి ఎవరో వెనకనుంచి ఎత్తి పట్టుకున్నట్టు. స్నేహితురాలి పక్కనే కూర్చుని, తన వాన కోటు సగం ఆవిడ భుజాల మీద కప్పింది.

"లేద్దామా?" అంది కసిల్ద కాసేపటికి, ముక్కు తుడుచుకుని.

"తొందరేముంది? కూర్చో."

గుడి గంటలు మోగాయి. ఇద్దరూ తడుస్తూ అలాగే కూర్చున్నారు. పక్కన ఎవరో యాత్రికుడు బూట్లు విప్పి, మేజోళ్ళు పిండి, ఎండలేని ఆకాశం కింద రాళ్ళ మీద ఆరబెట్టుకుంటున్నాడు. అది చూసి ముందు కసిల్దకి నవ్వొచ్చింది. తర్వాత ఇద్దరూ తమ బూట్లూ విప్పేశారు.